మెంతి మొలకలు: గింజ కోల్పోయేది, మొలక పొందేది

పెసలు, ఉలవలు, శనగలు మొలకెత్తించి తినడం తెలుగు ఇళ్ళలో పాత అలవాటే. ఇటీవల ఆ వరుసలో మెంతులు, ఆవాలు, హాలిం గింజలు వంటి ఔషధ విలువ గల విత్తనాలు కూడా చేరాయి. మొలకెత్తిస్తే పోషకాలు పెరుగుతాయన్న మాట పప్పుగింజల విషయంలో చాలావరకు నిజం. అదే మాటను ఔషధ విత్తనాలకు యథాతథంగా వర్తింపజేయడంలో ఒక చిక్కు ఉంది. విత్తనంలో మనిషికి మందుగా పనిచేసే పదార్థం అనేక సందర్భాలలో ఆ మొక్క తన సంతతి కోసం దాచిపెట్టుకున్న ఆహారమే. మొలక పెరిగే కొద్దీ ఆ నిల్వ ఖర్చవుతుంది. కాబట్టి మొలకలో ఏమి పెరిగిందన్న ప్రశ్నతో పాటు ఏమి తరిగిందన్న ప్రశ్న కూడా వేయవలసి ఉంటుంది. మెంతి ఇందుకు తగిన ఉదాహరణ. దీని విత్తన శరీరధర్మం, వైద్య ప్రయోజనం రెండింటిపైనా పరిశోధనలు జరిగాయి. ఆ వైద్య పరిశోధనలలో ముఖ్యమైనవి హైదరాబాద్‌లోనే జరిగాయి.

మెంతి గింజ నిర్మాణం

మెంతి చిక్కుడు కుటుంబానికి చెందిన శీతాకాలపు పంట. దేశంలో గింజ కోసం సాగు ప్రధానంగా రాజస్థాన్, మధ్యప్రదేశ్, గుజరాత్ రాష్ట్రాలలో జరుగుతుండగా, తెలుగు రాష్ట్రాలలో ఆకుకూరగానే ఎక్కువగా సాగవుతున్నది. గుంటూరు సమీపంలోని లాం పరిశోధనా స్థానం నుంచి వెలువడిన లాం సెలక్షన్-1 ఈ ప్రాంతానికి అనువైన రకాలలో ఒకటి. కసూరి మెంతి వేరే జాతి. దాని గింజ చిన్నది, మొలక నెమ్మదిగా వస్తుంది. ఈ వ్యాసంలో చెప్పే విషయాలు సాధారణ మెంతికి మాత్రమే వర్తిస్తాయి.

పెసర, మినుము, శనగ వంటి గింజలలో ఆహార నిల్వ అంతా రెండు బీజదళాలలో, అంటే మనం పప్పుబద్దలని పిలిచే భాగంలో ఉంటుంది. మెంతి గింజ నిర్మాణం అలా ఉండదు. గట్టి బీజకవచానికి, పసుపుపచ్చని బీజదళాలకు మధ్య అంకురచ్ఛదం అనే మరొక పొర ఉంటుంది. నానిన మెంతిగింజను గోటితో చిదిపితే జారుడుగా, గాజులా పారదర్శకంగా కనిపించే జిగురు పొర అదే. ఈ పొరలోని కణాలు దాదాపు అన్నీ నిర్జీవమైనవి. వాటి నిండా గాలక్టోమన్నాన్ అనే జిగురు పిండిపదార్థం ఉంటుంది. అంకురచ్ఛదం వెలుపలి అంచున ఉండే అల్యూరోన్ పొర ఒక్కటే సజీవంగా ఉంటుంది. గింజలో ప్రోటీన్లు సుమారు నాలుగో వంతు, పీచు పదార్థం దాదాపు సగం ఉంటాయి. ఆ పీచులో నీటిలో కరిగే భాగం గింజ బరువులో 20 శాతం వరకు ఉంటుంది. అందులో అధిక భాగం ఈ గాలక్టోమన్నానే.

మెంతి ఈ జిగురును ఎందుకు దాచుకుంటుందన్నది ఆసక్తికరమైన విషయం. 1979లో వెలువడిన ఒక అధ్యయనం దీనికి రెండు పనులు ఉన్నట్లు చూపింది. మొదటిది, తన బరువుకు అనేక రెట్లు నీటిని పట్టి ఉంచి, మొలకెత్తే దశలో నేల ఆరిపోయినా లోపలి పిండం ఎండిపోకుండా కాపాడడం. రెండవది, మొలక బయటికి వచ్చిన తరువాత దానికి చక్కెరలుగా మారి ఆహారం కావడం. మధ్యధరా ప్రాంతం, పశ్చిమాసియా వంటి పొడి ప్రాంతాలలో పుట్టిన మొక్కకు మొలక దశలో ఇది రక్షణ కవచం వంటిది. నీటిని పట్టి ఉంచే ఇదే గుణం మనిషి జీర్ణకోశంలో మరొక విధంగా ఉపయోగపడుతుంది.

మొలకెత్తేటప్పుడు జరిగే మార్పులు

గింజ నీరు పీల్చుకున్న కొద్ది గంటలలోనే శ్వాసక్రియ ఊపందుకుంటుంది. పిండం మొదట వాడుకునేది బీజదళాలలో ఉండే స్టాకియోజ్, రాఫినోజ్ వంటి చిన్న చక్కెరలను. పప్పులు తిన్నప్పుడు కడుపు ఉబ్బరానికి కారణమయ్యేవి ఇవే కనుక, మొలకెత్తిన గింజలు తేలికగా అరుగుతాయన్న అనుభవానికి శాస్త్రీయమైన ఆధారం ఉన్నట్లే. ఫైటేజ్ అనే ఎంజైము చురుకై, భాస్వరం నిల్వగా ఉన్న ఫైటిక్ ఆమ్లాన్ని విడగొడుతుంది. ఫైటిక్ ఆమ్లం ఇనుము, జింకు వంటి ఖనిజాలను బంధించి పేగులలో శోషణ జరగకుండా అడ్డుపడుతుంది. అది తగ్గితే గింజలో ఉన్న ఖనిజాలే ఎక్కువగా ఒంటబడతాయి. ట్రిప్సిన్ నిరోధకాలు కూడా తగ్గి ప్రోటీన్ల అరుగుదల మెరుగవుతుంది. ఎండు గింజలో నామమాత్రంగా ఉండే విటమిన్ సి మొలకలో కొత్తగా తయారవుతుంది. విటమిన్ సి ఇనుము శోషణకు తోడ్పడుతుంది కనుక, ఒకవైపు అడ్డంకి తగ్గడం, మరొకవైపు సాయం చేరడం ఒకేసారి జరుగుతాయి. దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన పరిస్థితిలో ఇది విస్మరించదగిన లాభం కాదు. మొలకలు మాత్రమే తిని రక్తహీనతను నయం చేసుకోవచ్చని దీని అర్థం కాదు.

ఇంతవరకు జరిగేది పెసలలోనూ జరుగుతుంది. మెంతికి ప్రత్యేకమైన మార్పు తరువాతి దశలో మొదలవుతుంది. మొదటి వేరు కవచాన్ని చీల్చుకొని బయటపడిన తరువాత అల్యూరోన్ పొర మూడు ఎంజైములను తయారుచేసి లోపలి జిగురు పొరలోకి వదులుతుంది. ఒకటి గొలుసు పక్కన వేలాడే గాలక్టోజ్ అణువులను తెంచుతుంది. రెండవది మన్నోజ్ గొలుసును నడుమ ముక్కలు చేస్తుంది. మూడవది ఆ ముక్కలను విడి చక్కెరలుగా మారుస్తుంది. ఆ చక్కెరలను బీజదళాలు పీల్చుకుంటాయి. 1970 దశకంలో ఐరోపాలో జరిగిన పరిశోధనలు ఈ క్రమాన్ని గంటల వారీగా గమనించాయి. వేరు బయటపడక ముందు జిగురు దాదాపు చెక్కుచెదరకుండా ఉంటుంది. కరగడం మొదలైన తరువాత ఒకటి రెండు రోజులలోనే చాలావరకు అయిపోతుంది. మూడు నాలుగు రోజుల మొలకను చిదిపి చూస్తే జారుడు పొర కనిపించకపోవడానికి కారణం ఇదే. కవచానికి అంటుకున్న పలుచని పొట్టు మాత్రమే మిగులుతుంది.

నానబెట్టినందువల్ల కూడా కొంత నష్టం ఉంటుంది. మెంతిలోని 4-హైడ్రాక్సీ ఐసోల్యూసిన్ అనే అరుదైన అమైనో ఆమ్లం ఇన్సులిన్ విడుదలను ప్రేరేపిస్తుందని ప్రయోగశాల పరిశోధనలలో తేలింది. ఇది ప్రోటీన్లలో భాగం కాకుండా గింజలో విడిగా ఉంటుంది, నీటిలో కరుగుతుంది. పదే పదే కడిగి పారబోసే నీటిలో ఇటువంటి కరిగే పదార్థాలు కొంత పోవడం సహజం. మెంతులను రాత్రి నానబెట్టి ఉదయం నీటితో సహా తీసుకునే పాత అలవాటులో ఈ నష్టం లేదు.

తాజా బరువా, పొడి బరువా?

మొలకలలో ప్రోటీన్లు పెరిగాయని చెప్పే పట్టికలను చదివేటప్పుడు లెక్క ఏ ప్రాతిపదికన వేశారో ముందుగా చూడాలి. మొలకెత్తే గింజకు వెలుపలి నుంచి అందేది నీరు, గాలి మాత్రమే. నత్రజని ఎక్కడి నుంచీ రాదు. శ్వాసక్రియలో పిండిపదార్థం, కొవ్వు ఖర్చై మొత్తం పొడి పదార్థం తగ్గుతుంది. అందువల్ల ఉన్న ప్రోటీనే శాతంలో ఎక్కువగా కనిపిస్తుంది. ఒక బస్తాలోని బియ్యాన్ని కొంత తీసివేసి, అందులోని రాళ్ళ శాతం పెరిగిందని చెప్పడం వంటిది ఇది. ప్రోటీన్ల అరుగుదల మెరుగైందన్నది నిజమైన లాభం. ప్రోటీన్ పుట్టుకొచ్చిందన్నది లెక్కలోని భ్రమ.

తాజా బరువు ప్రాతిపదికన చూస్తే చిత్రం తారుమారవుతుంది. అందరికీ పరిచితమైన పెసలనే తీసుకుంటే, అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పట్టికల ప్రకారం 100 గ్రా. ఎండు పెసలలో సుమారు 24 గ్రా. ప్రోటీన్లు ఉండగా, 100 గ్రా. పెసర మొలకలలో 3 గ్రా. మాత్రమే ఉంటాయి. మొలకలలో 90 శాతం నీరే కావడం ఇందుకు కారణం. విటమిన్ సి ఎండు గింజలో 5 మి.గ్రా. కాగా మొలకలో 13 మి.గ్రా. భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించిన రోజువారీ పరిమాణం స్త్రీలకు 65, పురుషులకు 80 మి.గ్రా. అంటే 100 గ్రా. మొలకలు అందులో ఐదో వంతుకు మించి ఇవ్వవు. అదే బరువు గల జామపండు 200 మి.గ్రా.కు పైగా ఇస్తుంది. విటమిన్ సి ఒక్కటే కావలసినవారు మెంతులను మొలకెత్తించే శ్రమ పడనవసరం లేదు.

మధుమేహం విషయంలో తెలిసినది

మెంతి మొలకలను ఎక్కువమంది ఆశ్రయించేది మధుమేహం కోసమే. ఇక్కడే పొరపాటుకు ఎక్కువ ఆస్కారం ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో ఆర్.డి. శర్మ, ఆయన సహచరులు 1980, 1990 దశకాలలో చేసిన అధ్యయనాలు ఈ రంగంలో నేటికీ ప్రస్తావనకు వస్తాయి. 1986లో ప్రచురితమైన అధ్యయనంలో పూర్తి గింజలు, ఉడికించిన గింజలు, కొవ్వు తీసిన పొడి, గింజ నుంచి వేరుచేసిన జిగురు, జిగురు తీసివేసిన గింజలు, వండిన మెంతికూర వంటి వేర్వేరు రూపాలను మనుషులకు ఇచ్చి భోజనానంతర రక్తపు చక్కెరను పోల్చి చూశారు. పూర్తి గింజలు అన్నిటికంటే ఎక్కువ ఫలితాన్నిచ్చాయి. వేరుచేసిన జిగురు, కొవ్వు తీసిన పొడి, ఉడికించిన గింజలు వాటికి దగ్గరగా నిలిచాయి. జిగురు తీసివేసిన గింజలు, వండిన ఆకుకూర చెప్పుకోదగిన ప్రభావం చూపలేదు.

మెంతి గింజ భోజనానంతర చక్కెరను తగ్గించడంలో ప్రధాన పాత్ర జిగురుదే అని దీని నుంచి తెలుస్తుంది. అది జీర్ణకోశంలో నీటిని పట్టి చిక్కని జావలా మారి, కడుపు ఖాళీ కావడాన్ని, గ్లూకోజ్ శోషణను నెమ్మదింపజేస్తుంది. పిత్త లవణాలను పట్టుకొని విసర్జింపజేయడం ద్వారా కొలెస్ట్రాల్ తగ్గడానికి కూడా తోడ్పడుతుంది. ఉడికించినంత మాత్రాన ఈ గుణం పోలేదన్న విషయాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. వేడి జిగురును నాశనం చేయదు. మొలక మాత్రం దానిని తినివేస్తుంది.

దీనిని పైన చెప్పిన విత్తన శరీరధర్మంతో కలిపి చూస్తే ఏ దశలో తినాలన్నది స్పష్టమవుతుంది. పది పన్నెండు గంటలు నానిన గింజలో జిగురు పూర్తిగా ఉంటుంది. మొలక ముక్కు తెల్లగా పొడుచుకు వచ్చిన దశలో, అంటే మన వాతావరణంలో సుమారు ఒక రోజుకు, జిగురు చాలావరకు మిగిలి ఉండగానే చేదు కొంత తగ్గి, అరుగుదల మెరుగవుతుంది. రెండు మూడు రోజులు పెంచి అంగుళం పొడవు వచ్చిన మొలక మంచి కూరగాయ. చక్కెర అదుపు కోసం తినే మెంతి మాత్రం అది కాదు. చేదు లేదని, చూడటానికి నిండుగా ఉందని పొడవైన మొలకను ఎంచుకునేవారు తమకు కావలసిన దానినే వదులుకుంటున్నారు.

పరిమాణం గురించి కూడా చెప్పవలసి ఉన్నది. 1990లో ప్రచురితమైన అధ్యయనంలో ఇన్సులిన్‌పై ఆధారపడిన రోగులకు కొవ్వు తీసిన మెంతి పొడిని రోజుకు 100 గ్రా. చొప్పున రెండు పూటల ఆహారంలో కలిపి పది రోజులు ఇచ్చారు. మూత్రంలో పోయే చక్కెర సగానికి పైగా తగ్గింది. 1996లో వెలువడిన మరొక అధ్యయనంలో రెండవ రకం మధుమేహం గల 60 మందికి రోజుకు 25 గ్రా. చొప్పున 24 వారాలు ఇచ్చి ప్రయోజనం గమనించారు. పోపులో వేసే చిటికెడు మెంతులు ఒక గ్రాముకు అటూ ఇటూ ఉంటాయి. ఆవకాయలో మెంతిపిండి ఉందని సంతృప్తి పడడానికి వీలు లేదు. 25 గ్రా. మెంతులు ఐదారు చెంచాల పరిమాణం. దానిని ఒక్కసారిగా మొదలుపెడితే ఉబ్బరం, విరేచనాలు తప్పవు కనుక కొద్దికొద్దిగా పెంచుకోవాలి. ఈ అధ్యయనాలలో మెంతిని ఆహారంతో పాటు ఇచ్చారే గాని చికిత్సకు బదులుగా కాదు. మాత్రలు లేదా ఇన్సులిన్ వాడుతున్నవారు వైద్యునికి చెప్పకుండా పెద్ద మోతాదులో మెంతి మొదలుపెడితే చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంటుంది. మెంతిని నమ్మి మందులు మానివేయడం అంతకంటే ప్రమాదకరం. గర్భిణులు వంటలో వాడే పరిమాణాన్ని మించకపోవడం మంచిది. వేరుశనగ లేదా శనగ పడనివారిలో కొందరికి మెంతి కూడా పడదు.

ఇతర ఔషధ విత్తనాలు

ఆవాలు, ముల్లంగి, బ్రకోలి వంటి ఆవ కుటుంబపు విత్తనాల పరిస్థితి భిన్నమైనది. వీటిలో ఔషధ విలువ గలవి గ్లూకోసినోలేట్లు. గింజను నమిలినప్పుడు లేదా నూరినప్పుడు మైరోసినేజ్ అనే ఎంజైము వాటిపై పనిచేసి ఘాటైన పదార్థాలను విడుదల చేస్తుంది. ఆవపిండి ఘాటు ముక్కుకు ఎక్కడానికి కారణం అదే. 1997లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మూడు రోజుల బ్రకోలి మొలకలలో ముదిరిన పువ్వులో కంటే 10 నుంచి 100 రెట్లు ఎక్కువగా గ్లూకోరఫానిన్ ఉన్నట్లు ప్రకటించారు. బ్రకోలి మొలకల ప్రచారమంతా అక్కడి నుంచే మొదలైంది. అయితే ఆ పదార్థం మొలకలో కొత్తగా పుట్టినది కాదు. గింజలో ఉన్నదే లేత మొలకలో గాఢంగా ఉండి, మొక్క పెరిగే కొద్దీ పలుచబడుతుంది. ఇక్కడ మొలక గింజతో కాక పెద్ద మొక్కతో పోల్చినప్పుడు గొప్పది.

హాలిం గింజలను కొందరు ఆదిత్యాలు అంటారు. వీటి జిగురు లోపలి పొరలో కాక కవచం పైననే ఉంటుంది. నీరు తగలగానే ఉబ్బి ఒకదానికొకటి అంటుకొని ముద్దవుతాయి. సబ్జా గింజలు కూడా అంతే. ఇటువంటి వాటిని గుడ్డలో మూటకట్టి మొలకెత్తించబోతే గాలి ఆడక కుళ్ళిపోతాయి. తడి గుడ్డపై పలుచగా చల్లి పెంచవలసి ఉంటుంది. సబ్జాను నానబెట్టి తాగడంతో సరిపెట్టుకోవడమే మేలు.

ఔషధ మొక్క అన్న పేరు ఉన్నంత మాత్రాన దాని గింజ మొలకెత్తించి తినదగినది కాదు. ఈ మాట నొక్కి చెప్పవలసిన అవసరం ఉంది. గురివింద గింజలోని అబ్రిన్, ఆముదపు గింజలోని రిసిన్ ప్రాణాంతకమైన విషాలు. ఉమ్మెత్త విత్తనాలూ అంతే. దూలగొండి గింజలోని ఎల్-డోపా పార్కిన్సన్ వ్యాధికి వాడే మందు. అటువంటి దానిని ఇంట్లో ఇష్టానుసారం తినరాదు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో కసివింద కాయలు తిన్న పిల్లలు కాలేయం, మెదడు, కండరాలు దెబ్బతిని మరణించిన సంఘటనలను వైద్యులు నమోదు చేశారు. చాలాకాలం పాటు ఆ మరణాలను వైరస్ జబ్బుగా పొరబడ్డారు. మొలకెత్తించినంత మాత్రాన ఇటువంటి విషాలు విరిగిపోతాయనుకోవడం పొరపాటు.

2011 జర్మనీ అనుభవం

మెంతి మొలకలపై ఏ చర్చ అయినా 2011 మే నుంచి జూలై వరకు ఉత్తర జర్మనీలో జరిగిన దానిని దాటి పోలేదు. ఇ.కోలై ఓ104:హెచ్4 అనే బ్యాక్టీరియా వల్ల 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు. వారిలో 850 మందికి పైగా మూత్రపిండాలు దెబ్బతినే తీవ్ర స్థితికి చేరారు. 50 మందికి పైగా మరణించారు. బాధితులలో ఎక్కువమంది ఆరోగ్యవంతులైన వయోజన స్త్రీలు. మొదట అనుమానం స్పెయిన్ దోసకాయల మీద పడింది. అక్కడి రైతులు పంటను పారబోసుకున్నారు. తరువాత హోటళ్ళలో తిన్నవారి వివరాలను, సరఫరా మార్గాలను వెనక్కి తవ్వుకుంటూ పోతే ఒక మొలకల కేంద్రం తేలింది. జూన్‌లో ఫ్రాన్స్‌లోని బోర్డో సమీపంలో అదే బ్యాక్టీరియాతో మరికొందరు జబ్బుపడ్డారు. ఈ రెండు చోట్లకూ ఉమ్మడిగా తేలినవి ఈజిప్టు నుంచి దిగుమతి అయిన ఒకే లాటుకు చెందిన మెంతులు. ఆ లాటు 2009లోనే ఐరోపాకు చేరింది. అంటే కలుషితమైన గింజ ఎండు స్థితిలో ఏడాదికి పైగా నిల్వ ఉండి కూడా ఇంత నష్టం చేయగలిగింది. గింజల నమూనాలలో ఆ బ్యాక్టీరియా ఎక్కడా దొరకలేదన్నది ఇందులోని మరొక పాఠం. వేలాది గింజలలో ఏ కొన్నింటికో అంటుకొని ఉన్నదానిని నమూనా పరీక్ష పట్టుకోలేదు.

ఇది ఒక్క దేశపు దురదృష్టం కాదు. 1996లో జపాన్‌లోని సకాయ్ నగరంలో ఆరు వేలకు పైగా బడిపిల్లలు జబ్బుపడినప్పుడు ముల్లంగి మొలకలపై అనుమానం పడింది. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. మొలకకు కావలసిన తేమ, 25 నుంచి 30 డిగ్రీల వేడి, గింజ నుంచి ఊరే చక్కెరలు, ఇవన్నీ బ్యాక్టీరియాకు కూడా కావలసినవే. గింజ పగుళ్ళలో దాగిన పదీ ఇరవై సూక్ష్మజీవులు రెండు మూడు రోజులలో కోట్లవుతాయి. పైపైన కడిగితే పోవు. అమెరికా ఆహార ఔషధ సంస్థ 1999లో వాణిజ్య మొలకల విత్తనాన్ని 20,000 పీపీఎం కాల్షియం హైపోక్లోరైట్ ద్రావణంలో శుద్ధి చేయాలని సూచించింది. అంత గాఢతలో కూడా నూటికి నూరుపాళ్ళూ భద్రత చేకూరదని గుర్తించి, మొలకలపై పారిన నీటిని కూడా పరీక్షించాలని చెప్పింది. ఇంట్లో ఆ రసాయనాలు వాడే అవసరం లేదు, వాడరాదు కూడా. ఇంటికి తగిన మార్గం మంట. ఆవిరిపై లేదా కూరలో బాగా ఉడికిన మొలకలలో ఈ భయం లేదు. విటమిన్ సి కొంత పోతుంది. మెంతిలో ముఖ్యమైన జిగురు పోదన్నది పైన చూశాం. పచ్చి మొలకలు తింటేనే ఫలితమన్న ప్రచారానికి మెంతి విషయంలో ఆధారం లేదు. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, కీమోథెరపీ వంటి చికిత్సలలో ఉన్నవారు ఏ మొలకలనూ పచ్చిగా తినకూడదు.

విత్తనం ఎక్కడిది?

మొలకల కోసం మెంతులు కొనేవారిలో కొందరు బాగా మొలకెత్తుతాయన్న ఉద్దేశంతో విత్తనాల దుకాణానికి వెళుతుంటారు. ఇది ప్రమాదకరం. విత్తుకోవడానికి అమ్మే విత్తనాన్ని వేరుకుళ్ళు, నారుకుళ్ళు తెగుళ్ళ నివారణకు కార్బెండజిమ్, కాప్టాన్ వంటి మందులతో కిలోకు 2 నుంచి 3 గ్రా. చొప్పున శుద్ధి చేస్తారు. సంచి మీద ఆహారానికి వాడరాదన్న హెచ్చరిక ఉంటుంది, గింజకు గులాబీ లేదా ఆకుపచ్చ రంగు ఉంటుంది. విడిగా తూచి అమ్మినప్పుడు హెచ్చరిక కనిపించదు. కడిగితే రంగు పోవచ్చు గాని గింజలోకి ఇంకిన మందు పోదు. రైతు కుటుంబాలలో నాటగా మిగిలిన విత్తనాన్ని వంటింట్లోకి తెచ్చే అలవాటు ఉన్నచోట దీనిని మరింత గట్టిగా చెప్పాలి.

కిరాణా దుకాణపు మెంతులలో ఈ భయం తక్కువ. మొలకశాతం మాత్రం నిలకడగా ఉండదు. ధృవీకృత మెంతి విత్తనానికి కనీస మొలకశాతం 70గా నిర్ణయించారు. ఆహారం కోసం అమ్మే సరుకుకు అటువంటి ప్రమాణం లేదు. కొనేముందు వంద గింజలను తడి గుడ్డలో చుట్టి రెండు రోజుల తరువాత లెక్కించి చూడటం తేలిక. మొలకెత్తని గింజలు అలాగే పడి ఉండవు, కుళ్ళి మిగతావాటిని పాడుచేస్తాయి. కాబట్టి 80కి తక్కువ మొలకెత్తితే ఆ సరుకును పొడికి వాడుకోవడమే మంచిది.

మొలకల కోసమే మెంతి పండించదలచిన రైతులు, స్వయం సహాయక సంఘాలు శుభ్రతను పొలం నుంచే మొదలుపెట్టాలి. పచ్చి పేడ వేయకుండా బాగా చివికిన పశువుల ఎరువును దుక్కిలోనే వేయాలి. పూత తరువాత మురుగు కలిసిన కాలువ నీరు పెట్టరాదు. మెంతి పొట్టి పంట కనుక కాయలు నేలకు దగ్గరగా ఉంటాయి. నీరు చిందితే బురద అంటుతుంది. కోసిన పంటను మట్టి కళ్ళంలో కాక టార్పాలిన్‌పై ఆరబెట్టి, పశువులతో తొక్కించకుండా కర్రలతో కొట్టి నూర్చాలి. ఎలుకలు, పక్షులు చేరని చోట 8 శాతం తేమకు ఆరిన గింజను నిల్వ చేయాలి. ఇంత చేసిన గింజకు మామూలు మెంతుల ధర చాలదు. కొనుగోలుదారుతో ముందుగా ఒప్పందం లేకుండా ఈ సాగులోకి దిగడం రైతుకు లాభసాటి కాదు.

ఇంట్లో మొలకెత్తించే పద్ధతి

నలుగురున్న ఇంటికి 50 గ్రా. మెంతులు సరిపోతాయి. రాళ్ళు, విరిగిన గింజలు ఏరివేసి, తాగే నీటితో మూడుసార్లు కడిగి, నాలుగింతల నీటిలో ఎనిమిది గంటలు నానబెట్టాలి. గింజలు రెండింతలకు మించి ఉబ్బుతాయి కనుక గిన్నె పెద్దదిగా ఉండాలి. నీరు వంచి, మరుగునీటిలో ఉడికించి ఆరబెట్టిన పలుచని నూలుగుడ్డలో వదులుగా కట్టాలి. బిగించి కడితే మధ్యలోని గింజలకు గాలి అందక పుల్లని వాసన వస్తుంది. ఆరు గంటలకొకసారి తడపాలి. వేసవిలో 20 నుంచి 24 గంటలలో, చలికాలంలో 36 గంటలలో మొలక ముక్కు కనిపిస్తుంది. చక్కెర అదుపు కోసం తినేవారు ఇక్కడే ఆపాలి. వేరు అర సెంటీమీటరు దాటకముందే తీసి పది నిమిషాలు ఆవిరిపై ఉడికించి, కూరలోనో పెరుగులోనో కలుపుకోవచ్చు. కూరగాయగా కావలసినవారు మరొక రోజు ఉంచుకోవచ్చు. వెంటనే వాడనివి శీతల యంత్రంలో 5 డిగ్రీల లోపు ఉంచి రెండు రోజులలో ముగించాలి.

మెంతి మొలకలు పాడయ్యాయా లేదా అన్నది జారుడును బట్టి నిర్ణయించరాదు. జారుడు మెంతికి సహజం, మొదటి రోజున అది ఉండి తీరాలి. పుల్లని లేదా ముక్కిన వాసన, గోధుమరంగుకు తిరిగిన వేరు కొనలు, కడిగిన నీటిలో తేలే నురుగు చెడిపోయినదానికి గుర్తులు. వేరు చుట్టూ తెల్లని నూగు కనిపించినప్పుడు బూజు అని భయపడి పారేసేవారు ఉన్నారు. నీటితో తడిపితే అది వేరుకు అణగిపోతే మూలకేశాలు. అణగకుండా సాలెగూడులా గింజ నుంచి గింజకు అల్లుకొని ఉంటే బూజు. అప్పుడు ఆ మూట మొత్తాన్ని ఎరువు గుంటలో వేయాలి, బాగున్నట్లు కనిపించే గింజలను ఏరుకొని వాడరాదు.